గోడ వెనక బండి

రైలు గేటు పక్క షెడ్డు,
జూన్ 3

ఒరేయ్ షోకూ,

నీకు ఉత్తరం రాసి ఏడాది దాటింది. నువ్వు పంపిన క్యాలెండరు షెడ్డులో తగిలించాను. నెలకో పాత కారు బొమ్మ, కింద నీ షోరూము పేరు. వచ్చినవాళ్ళందరికీ, వీడూ నేనూ ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నాం అని చెబుతుంటాను. నా బనీను చూసి ఎవరూ నమ్మరు.

ఆ మేస్త్రీ సంగతి రాద్దామనే కూర్చున్నాను. మొన్న ఆయన కోడలు నా షెడ్డుకి వచ్చింది. ఇంట్లో నీళ్ళ మోటారు ఆగిపోయిందట. దొంగతనం అంటగట్టి నన్ను తరిమేశాక ఈ ముప్ఫై ఏడేళ్ళలో ఆ గుమ్మం తొక్కలేదు నేను. ఆయన కొడుకు పోయిన రోజు కూడా వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. కానీ ఆ అమ్మాయి మొహం చూస్తే కాదనలేకపోయాను. స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి ఇల్లు నడుపుతోంది. ముసలాయన్ని కూడా తనే చూసుకుంటోంది.

మోటారు మనం పనిచేసిన ఆ పాత షెడ్డులోనే ఉంది. లోపలికి వెళ్ళగానే ఏదో ఇరుకనిపించింది. మన చిన్నప్పుడు పెద్దగా కనిపించేదేమో అనుకున్నాను. అయినా మనసాగక అడుగులతో కొలిచాను. బయట ముప్ఫై రెండు, లోపల ఇరవై. వెనక గోడ తరవాత కట్టింది. పై వరసలో ఒక ఇటుక ఊడి ఉంటే నిచ్చెన వేసుకుని టార్చి కొట్టాను.

ఐసు ఫ్యాక్టరీ యజమాని బండిరా అది. పొడుగు ముక్కు, రెండే తలుపులు, పక్కన అతికించినట్టు స్పేరు చక్రం. మనిద్దరం గుడ్డముక్కలతో దాని చక్రాల చువ్వలు తుడిచి తుడిచి వేళ్ళు పుళ్ళు పడేవి. ఫ్యాక్టరీ మూసేశాక మేస్త్రీ దాన్ని కొన్నాడనీ, తరవాత ఎవరికో అమ్మేశాడనీ విన్నాం కదా. అమ్మలేదు. కొడుకు పోయాక, కోడలు పుట్టింట్లో ఉన్న నెలల్లో, తన చేతులతో గోడ కట్టేసి ఉంటాడు. పాపం ఆమెకి కూడా తెలియదు.

మేస్త్రీకి మతి నిలవడం లేదు. నన్ను చూసి, "వచ్చావా చిన్నోడా, ఇంతాలస్యమా" అన్నాడు. కొడుకుని అలాగే పిలిచేవాడు. వాడు పోయి పదకొండేళ్ళు.

ఆ అమ్మాయికి చెప్పేముందు నిన్నొక మాట అడగాలనిపించింది. ఆ బండి ఏమైనా పలుకుతుందా? ఆమెకి కాస్త ఊపిరాడుతుంది.

బక్కోడు

*

షోరూము పై గది,
జూన్ 10

నా బంగారు కొండా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివి చించేశాను. నువ్వు కూడా నావి చదవగానే చించెయ్.

ఇరవై ఏళ్ళుగా నేను చేస్తున్న పనే ఇది. పశువుల పాకల్లో, పాడుబడ్డ గోడౌన్లలో, పోయిన డాక్టర్ల గ్యారేజీల్లో దూరి బండ్లు వెతకడం. ఒకచోట వెనక సీటులో కోడి పొదుగుతోంది, దాన్ని లేపకుండానే బేరం కుదుర్చుకుని వచ్చాను. ఇంటివాళ్ళకి ఎక్కడైనా ఒకటే మాట చెబుతాను. తుప్పు పట్టిపోయిందండీ, మీకు చోటు ఖాళీ చేసిపెడతాను అంటాను. పోతూ పోతూ వాళ్ళే నాకు థాంక్స్ చెబుతారు.

ఇన్నేళ్ళలో అలాంటి బండి నాకు ఒక్కటి కూడా తగల్లేదు. నేననుకున్నదే అయితే ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నువ్వు గోడలో ఇంకో రెండిటుకలు తీసి లోపలికి దిగు. ఇంజను పక్కన రేకు మీద నంబరుంటుంది, జాగ్రత్తగా రాసి పంపు. కోడలికి ఇప్పుడే ఏమీ చెప్పకు. గోడ వెనక పాత ఇనుము ఉందమ్మా, తీయించేస్తానంటే చాలు.

ఒకటే చిక్కు. బండి రిజిస్ట్రేషను పుస్తకం లేకపోతే అంత ఖరీదైన సరుకు ఎవరూ ముట్టుకోరు. అది ఎక్కడ దాచాడో ముసలాడికే తెలియాలి. నిన్ను కొడుకనుకుంటున్నాడు కదా, అనుకోనీ. రోజూ వెళ్ళి నాన్నా అని పిలువు. నీ సొమ్మేం పోయింది? ఆయనకి కొడుకు దొరుకుతాడు, మనకి బండి దొరుకుతుంది. మన ఇద్దరికీ చెరిసగం. నీ జన్మంతా బోల్టులు బిగించినా ఆ సగం రాదు.

షోకు

*

రైలు గేటు పక్క షెడ్డు,
జూన్ 19

షోకూ,

నంబరు ఇంకో కాగితం మీద రాసి పెట్టాను. మిగతాది చెప్పడానికే సిగ్గుగా ఉంది.

నువ్వన్నట్టే చేశాను. మొదటిరోజు నాన్నా అనే మాట నోట్లోంచి రాలేదు. నాకు నాన్న గుర్తులేడని నీకు తెలుసు కదా. ఎవరినీ అలా పిలవలేదు ఇంతవరకూ. రెండోరోజు గడ్డం గీస్తూ, తల కాస్త ఎత్తు నాన్నా అన్నాను. ఆయన ఎత్తాడు. ఆ మెడ చూస్తే, పిట్ట మెడంత ఉంది. ఒకప్పుడు ఆ మనిషి అరిస్తే వీధి చివర కుక్క కూడా లేచి నిలబడేది.

కోడలు పక్క గదిలో మిషను కుడుతూనే అంతా వింటోంది. నేను బయటికి వచ్చాక, ఏమీ అనుకోకండి అన్నయ్యా, మీరు ఆయన్ని అలా పిలుస్తున్నందుకు మీకు రుణపడి ఉంటాను అంది. మీరొస్తున్నప్పటినుంచి మామయ్య అడిగి మరీ అన్నం తింటున్నారట. నేను తల వంచుకుని చెప్పులు వేసుకున్నాను.

పుస్తకం సంగతి అడిగాను. ఇప్పుడు కాదులే, పెళ్ళినాటికి బండి నీకే అన్నాడు. కొడుకు కోసమే దాచాడురా దాన్ని. అప్పుడప్పుడు నా చెయ్యి పట్టుకుని నిద్రపోతాడు. విడిపించుకోవడానికి అరగంట పడుతుంది.

ఆ అమ్మాయికి నిజం ధర చెప్పేసి, నువ్వే న్యాయంగా కొనుక్కోకూడదా? నీకు మిగలకుండా పోదు కదా.

బక్కోడు

*

షోరూము పై గది,
జూన్ 27

బక్కోడా,

నంబరు సరిపోయింది. నేననుకున్నదే. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నాను. మా పాత కార్ల క్లబ్బు అధ్యక్షుడికి చెప్పేశాను. అందరి ముందూ నన్ను కౌగిలించుకున్నాడు. నాలాంటివాణ్ణి ఆయన ఇన్నాళ్ళూ బ్రోకరనే పిలిచేవాడు. ఆగస్టులో వాళ్ళ ప్రదర్శనకి బండి తెస్తానని మాటిచ్చాను.

నీ జాలి మాత్రం నాకు అర్థం కావడం లేదు. నీ మెతకతనమే నిన్ను రైలు గేటు పక్కన కూర్చోబెట్టింది. ఆ ముసలాడు నిన్నేం చేశాడో మరిచిపోయావా? ఆ బండి కార్బురేటరు పోయిందని స్తంభానికి కట్టి, ఐసు ఫ్యాక్టరీ యజమాని చూస్తుండగా స్పానరుతో కొట్టాడు. నువ్వు తియ్యలేదని నాకు తెలుసు. కానీ పదిహేనేళ్ళ కుర్రాడి మాట ఎవరు వింటారు? ఆ తరవాత ఆ ఊళ్ళో ఒక్క షెడ్డువాడైనా నీకు పని ఇచ్చాడా? నాలుగేళ్ళు రాళ్ళు మోశావు. అలాంటివాడి గడ్డం గీస్తున్నావు, పైగా మెడ సన్నగా ఉందని బాధపడుతున్నావు.

కోడలికి న్యాయం అంటావా. ఆమెకి ఇప్పుడు పాత ఇనుము ధర వస్తే అదే పండగ. తెలియని డబ్బు పోయిందని ఎవరూ ఏడవరు. పెళ్ళి కుదిరింది నాన్నా, పుస్తకం ఇయ్యి అను. పెళ్ళికూతురు ఎవరంటే కోడల్నే చూపించు, నవ్వుకుంటుంది.

తొందరగా కానియ్.

షోకు

*

రైలు గేటు పక్క షెడ్డు,
జూలై 8

షోకూ,

పుస్తకం దొరికింది. పనిముట్ల బీరువా వెనక చెక్కకీ గోడకీ మధ్య నూనె గుడ్డలో చుట్టి పెట్టాడు. ఒక్క పేజీ కూడా చెడలేదు.

మేస్త్రీ ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. షెడ్డు సంగతులు, మన సంగతులు.

గోడ ఒక్కసారిగా పడగొడితే ఇటుకలు బండి మీద పడతాయి. వరస వరసా విప్పాలి. అందుకని లారీని ఈ నెల చివర్లో పంపు, ముందు వద్దు. కోడలితో నేను మాట్లాడుకుంటాను.

ఒకటి అడుగుతాను, గుర్తుంటే రాయి. నన్ను కొట్టిన రోజు నువ్వెక్కడున్నావు?

బక్కోడు

*

షోరూము పై గది,
జూలై 14

బక్కోడా,

పుస్తకం దొరికిందా! ఇక మనకి తిరుగులేదు. లారీ ముప్ఫై ఒకటో తారీఖు పొద్దున్నే వస్తుంది. డ్రైవరు నమ్మకస్తుడు. కోడలి సంతకానికి కాగితం తయారుచేసి జతపరిచాను. 'పనికిరాని ఇనుప సామాను తొలగింపు' అని రాయించాను. బండి అనే మాట ఎక్కడా లేదు, చూసుకో.

నువ్వడిగింది ముప్ఫై ఏడేళ్ళ కిందటి సంగతి. ఎక్కడున్నానో ఎలా గుర్తుంటుంది? ఆ రోజు నాకు జ్వరం అనుకుంటా, రాలేదు. అయినా అదంతా ఇప్పుడెందుకు? ముసలాడు ఏమైనా వాగాడా? మతి లేనివాళ్ళ మాటలు పట్టించుకోకు. ఇవాళ నిన్ను కొడుకంటాడు, రేపు నన్ను దొంగంటాడు.

నువ్వు రాసిన తీరు నాకు నచ్చలేదు. ఒంట్లో బాగానే ఉందా?

షోకు

*

రైలు గేటు పక్క షెడ్డు,
ఆగస్టు 2

షోకుకి,

నీ లారీ ఖాళీగా ఎందుకొచ్చిందో ఈపాటికి అర్థమై ఉంటుంది. బండి ఇరవై ఎనిమిదో తారీఖునే వెళ్ళిపోయింది. నేనే రాస్తే కార్ల మ్యూజియం వాళ్ళు స్వయంగా వచ్చారు, దుప్పట్లు కప్పి పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎక్కించుకున్నారు. న్యాయమైన ధర కోడలి పేరు మీద పడింది. నీ ఉత్తరాలు నేను చించలేదు. అన్నీ ఆమె ముందు పెట్టాను. ఆమె చదువుతున్నంతసేపూ మిషను ఆగిపోయింది. చివరికి, మీరైనా చెప్పారు అన్నయ్యా అంది. నాకు వాటా ఇవ్వబోయింది, తీసుకోలేదు.

పుస్తకం ఎక్కడుందో చెప్పిన రోజు మేస్త్రీ ఏమన్నాడో ఇప్పుడు రాస్తాను.

నన్ను దగ్గరికి రమ్మని, ఎవరికీ చెప్పకు చిన్నోడా, షెడ్డులో దొంగ ఉన్నాడు అన్నాడు. ఎవరు నాన్నా అన్నాను. నవ్వాడు. "షోకుగాడు. కార్బురేటరు సంచీలో పెట్టుకుని పోతుంటే ఈ కళ్ళతో చూశాను" అన్నాడు.

మరి బక్కోణ్ణి ఎందుకు కొట్టావని అడిగాను. ఆయన చిన్నపిల్లాడికి లెక్క చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "షోకుగాడి నాన్న లారీ కంపెనీ మేనేజరురా. వాణ్ణి తాకితే లారీలన్నీ పక్క షెడ్డుకి పోతాయి. బండి యజమానికి ఎవణ్ణో ఒకణ్ణి చూపించాలిగా. బక్కోడికి ఎవరున్నారు? పిన్ని ఒకత్తె, ఆవిడ అడగదు." మళ్ళీ తనే అన్నాడు. "వాడు మంచోడు. వాడి ముందు మాత్రం అనకు, తెలిస్తే బాధపడతాడు."

పుస్తకం తీసుకుని బయటికి వచ్చి, నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చున్నాను. నువ్వు దొంగవని నాకు ఎప్పుడో అనుమానం. దానికి నేను పెద్దగా కుమిలిపోలేదు. ఆయన నిజంగా నేనే తీశాననుకుని కొట్టాడని ఇన్నేళ్ళూ నమ్మాను. పొరపాటు పడ్డాడు, ఏదో ఒకనాడు తెలుసుకుని పిలుస్తాడని ఎదురుచూశాను. ఆ ఒక్క నమ్మకం మీదే ఈ ఊరు వదలకుండా ఉండిపోయాను.

అప్పటినుంచి రోజూ సాయంత్రం వెళ్తున్నాను. తలుపు దగ్గరగా వేస్తాను. పక్క గదిలో మిషను చప్పుడు, ఆమెకి మాటలు వినపడవు. నాన్నా అని పిలిస్తే ఆయన మొహం వెలిగిపోతుంది. అప్పుడు చెబుతాను. నీ చిన్నోడు చచ్చిపోయాడు. మూడు రోజుల జ్వరం. నువ్వు ఆసుపత్రికి చేరేసరికే మొహం మీద దుప్పటి కప్పేశారు. ఆయన అది మొదటిసారి వింటున్నట్టే వింటాడు. నోరు తెరుచుకుంటుంది, చప్పుడు రాదు, తరవాత వస్తుంది. మర్నాటికి ఏమీ గుర్తుండదు. మర్నాడు మళ్ళీ చెబుతాను.

ఇవాళ్టికి ఇరవై ఆరు సార్లు అయింది.

బక్కోడు

*

షోరూము పై గది,
ఆగస్టు 9

బక్కోడా,

బండి పోయింది. క్లబ్బులో ఎవరూ నాతో మాట్లాడడం లేదు. అధ్యక్షుడు నన్ను గేటు దగ్గరే నిలబెట్టాడు. అది నాకు తగిన శాస్తే. దాని గురించి కాదు ఈ ఉత్తరం.

కార్బురేటరు నేనే తీశాను. అమ్మి తోలు బూట్లు కొనుక్కున్నాను. నువ్వు దెబ్బలు తగ్గి లేచాక మా ఇంటికొచ్చి, ఎంత బాగున్నాయిరా అన్నావు. ఆ మాట నాకు ఎన్నోసార్లు గుర్తొచ్చింది, ప్రతిసారీ వేరే పని కల్పించుకున్నాను. నాకు ఆ రోజు జ్వరం లేదు. డీజిలు పీపాల వెనక నిలబడి చూశాను. నువ్వు నా వైపు చూశావు కూడా. నేను చెబుతాననుకున్నావు.

నీకు అన్యాయం చేసినవాణ్ణి నేను. నన్నేమైనా చెయ్యి. ఆ ఉత్తరాలు పేపరువాళ్ళకి ఇచ్చుకో. కానీ ఆయనకి రోజూ ఆ మాట చెప్పడం ఆపరా. నేను డబ్బు కోసం ముసలివాళ్ళని మోసం చేశాను, నిజమే. ఒక్కసారి మోసం చేసి వచ్చేస్తాను. మళ్ళీ మర్నాడు వెళ్ళి వాళ్ళ మొహం చూడను. నువ్వు చేస్తున్నది చదివాక నాకు అన్నం సయించడం లేదు.

కోడలికి ఉత్తరం రాశాను. తెరవకుండానే తిప్పి పంపింది. నిన్న నేనే బయలుదేరి వచ్చాను. గుమ్మంలో నిలబడి, అమ్మా, ఆ బక్కోణ్ణి లోపలికి రానివ్వకండి అన్నాను. ఆమె నా మొహాన తలుపు వేసింది. కిటికీలోంచి మేస్త్రీ నన్ను చూశాడు. "షోకూ, లోపలికి రారా" అని పిలిచాడు. ఆమె కిటికీ కూడా మూసేసింది. నేను రోడ్డు మీద చాలాసేపు నిలబడ్డాను.

నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆపు.

షోకు

*

రైలు గేటు పక్క షెడ్డు,
ఆగస్టు 30

షోకుకి,

నిన్ను గుర్తుపట్టాడని రాశావు. అది చదివి రెండు రోజులు షెడ్డు తెరవలేదు. రెండున్నర నెలలుగా రోజూ వెళ్తున్న నన్ను ఆయన ఒక్కసారి కూడా గుర్తుపట్టలేదు. కొడుకనైనా అనుకుంటాడు, లేకపోతే ఎవరో అనుకుంటాడు. నిన్ను మాత్రం కిటికీలోంచి చూసి పేరు పెట్టి పిలిచాడు.

అందుకని మొన్న ఇంకోలా మొదలుపెట్టాను. నాన్నా అనలేదు. నేను బక్కోణ్ణి మేస్త్రీ, చెయ్యని దొంగతనానికి నువ్వు కొట్టినవాణ్ణి అన్నాను. నా కుడిచేతి చూపుడువేలు ఆయన కళ్ళ ముందు పెట్టాను. ఆ రోజు విరిగి వంకరగా అతుక్కున్న వేలు. ఇప్పటికీ చిన్న నట్టు దానితో పట్టుకోలేను.

ఆయన ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వేలు మెల్లిగా నిమిరాడు. చాలాసేపు చూసి, "ఎవడు బాబూ నిన్నిలా కొట్టింది" అని అడిగాడు.

నా మేస్త్రీ అన్నాను.

"వాడు మనిషి కాదు. అక్కడ మానెయ్. నా షెడ్డుకి వచ్చెయ్, పని నేర్పుతాను. నేను కుర్రాళ్ళ మీద చెయ్యెత్తను" అన్నాడు.

కళ్ళల్లో అబద్ధం లేదు. నేను అంతా వెతికాను. నన్ను కొట్టిన మనిషి ఆ మంచంలో లేడు. క్షమించమని అడగగలిగినవాడూ లేడు. నువ్వు బూట్లు కొనుక్కుని తప్పించుకున్నావు, ఆయన మతి పోగొట్టుకుని తప్పించుకున్నాడు.

అలా వేలు నిమురుతూనే ఉన్నాడు. నేను ఆ క్షణం లేచి వచ్చేయవచ్చు. నువ్వైతే వచ్చేసేవాడివేమో. చెయ్యి వెనక్కి లాక్కోకుండానే, నీ చిన్నోడు చచ్చిపోయాడు మేస్త్రీ అన్నాను. ఏడుస్తూ నా చేతినే గట్టిగా పట్టుకున్నాడు, పడిపోకుండా.

నువ్వు మళ్ళీ రావద్దు, రాయవద్దు. ఆమె నీ మాట నమ్మదు. నేను ఆమెకి అన్నయ్యని.

నిన్న నేను బయటికి వస్తుంటే ఆమె ఆపి, సాయంత్రమయ్యేసరికి మామయ్య కళ్ళెందుకో రోజూ ఎర్రబడి నీరు కారుతున్నాయి అంది. వయసు కదమ్మా, కళ్ళు ఎండిపోతాయి అన్నాను. మందుల షాపుకి వెళ్ళి చుక్కలమందు తెచ్చింది. చిన్న సీసా. ఇవాళ నేను వెళ్ళేసరికి ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, రెప్ప పైకెత్తి, ఒక్కొక్క చుక్కే లెక్కపెట్టి వేస్తోంది.

బక్కోడు